పొడికాళ్ళ వెబ్‌స్టర్

కూర్చోమ్మా, ఆ పిల్లిని దింపేసి కూర్చో. వెబ్‌స్టర్ల కోసం సమాధులన్నీ తిరిగొచ్చావా? అక్కడెక్కడ దొరుకుతారు, అన్నీ స్లేటర్లవేగా. ఊరంతా స్లేటర్లే, నేనూ స్లేటర్‌నే. "జాన్ స్లేటర్" అని కేకేస్తే ఇంటికొకడు పలుకుతాడు. అందుకే కొంపకో మారుపేరు. మేం కొక్కేల వాళ్ళం. మీరు పొడికాళ్ళ వాళ్ళు. ఏం, మీ తాత చెప్పలేదూ?

వెబ్‌స్టర్ అంటే నేతగాడేగా. మీ ముత్తాత గావిన్ కూడా నేతగాడే. కొండల వైపు నుంచి దుప్పట్లు అమ్ముకోడానికి వచ్చాడు. సముద్రాన్ని చూస్తేనే కళ్ళు తిరిగేవిట. అలాంటివాడు మనసు పడి పడి ఎవరి మీద పడ్డాడు? గొణుగుడు వాటీ కూతురు ఎల్సీ మీద! వాటీ ఊరుకుంటాడా? "మగాణ్ణి వీపున మోసే పిల్లరా ఇది, నీ మగ్గం దగ్గర కూర్చుని దారాలు చుడుతుందా?" అన్నాట్ట. నవ్వుతావేంటి, నిజంగానే మోసేవాళ్ళు. ఆడవాళ్ళు గౌన్లు పైకి ఎగగట్టి, చేపలవేటకెళ్ళే మగాళ్ళని పడవ దాకా, తిరిగొచ్చాక మళ్ళీ ఒడ్డు దాకా నీళ్ళలో మోసుకెళ్ళేవాళ్ళు. తోలు బూట్లు తడిస్తే ఆ చలికి రోజంతా కాళ్ళు కొయ్యబారిపోవూ? మా అమ్మ మా నాన్నని మోస్తుంటే ఆయన పైనుంచి "మెల్లగా నడవవే" అని పెత్తనం ఒకటి! ఏం చెప్తున్నానూ... ఆఁ, వాటీ. పెళ్ళాం పోయింది, కొడుకుల్లేరు, ఎల్సీయే మోసేది.

ఒక పొద్దున ఎల్సీకి జ్వరం. సముద్రం మీంచి మంచు కమ్ముకొచ్చింది, ఎదుటి మనిషి కనపడడు. పడవలోంచి కేకలేస్తున్నారు, వాటీ ఒడ్డున నిలబడి గొణుగుతున్నాడు. అంతలో ఎవరో వచ్చి వీపు వంచారు. పొరుగావిడ కాబోలనుకుని ఎక్కేశాడు. నీళ్ళు నడుం దాటాయి. మోసేవాళ్ళ పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. "ఎవరి పిల్లవే, ఇంత వణుకుతున్నావ్?" "వెబ్‌స్టర్ల పిల్లాణ్ణి మావయ్యా." "మావయ్యనెప్పుడయ్యాన్రా నీకు!" "దింపెయ్యనా?" "దింపావో, చంపేస్తా!" మా అమ్మ ఇది చెప్తూ చెప్తూ కడుపు పట్టుకుని నవ్వేది. పడవలో కూర్చుని కాళ్ళు చూసుకున్నాట్ట వాటీ. చుక్క తడి లేదు. సాయంత్రం వస్తూనే కూతురితో, "ఆ గొర్రెబొచ్చు నేసేవాణ్ణి అన్నానికి రమ్మను" అన్నాడు. అంతే, పెళ్ళయిపోయింది.

ఆ తర్వాత రోజూ గావినే వాటీని మోసేవాడు, అలా మీరు పొడికాళ్ళ వాళ్ళయ్యారు. ఈత రాదు, భయం పోలేదు, కళ్ళు మూసుకునే నడిచేవాడు. చాలా ఏళ్ళు. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ అదే చూశాను, మంచులో ఒకళ్ళ మీద ఒకళ్ళు, పొడుగాటి ఒకే మనిషిలాగా.

తర్వాత ఆ గాలివాన. వాటీ పడవ రాలేదు. తెల్లారేసరికి సముద్రం ఏమీ ఎరగనట్టు, పాలు పోసినట్టుంది. మేమంతా ఒడ్డున నిలబడ్డాం. గావిన్ నడుం లోతుకి నడిచెళ్ళి, సముద్రానికి వీపు పెట్టి వంగి నిలబడ్డాడు. ఎవరూ పిలవలేదు. ఎంతసేపో అలాగే ఉన్నాడు... అప్పుడు ఎల్సీ గౌను ఎగగట్టి నీళ్ళలోకి దిగింది. ఏమందో తెలీదు. ఆయన ముందర నిలబడి తనే వీపు వంచింది. అంత మనిషీ పసివాడిలా మెడ చుట్టూ చేతులేశాడు. మోసుకొచ్చేసింది.

ఆ ఏడే కెనడా వెళ్ళిపోయారు.

...

చినుకులు మొదలైనట్టున్నాయి. ఆ కిటికీ తలుపు వేసెయ్యమ్మా.