బిహోగో కడుపుబ్బరం

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు పెద్దాయనా. బిహోగో లేవలేదు, నేను లేపాను. అంతే సంగతి."

అలా మొదలుపెట్టి బగ్యెండా, కెంబబాజీ టీ కొట్టు ముందున్న బల్ల మీద ఒక కాలు పెట్టి, చేతికర్ర భుజాల మీద అడ్డంగా వేసుకున్నాడు. ఎదురుగా పాల కంపెనీ అధ్యక్షుడు ర్వాబుషైజా పొగలు కక్కే పాలటీ ఊదుకుంటున్నాడు. రోడ్డు అవతల పాల కేంద్రంలో, కంపాలా నుంచి వచ్చినవాళ్ళు ఆయన కోసం కాచుకుని ఉన్నారు. 'మీ కంప్యూటర్లో ఉన్న లినక్స్ యజమాని లేని సాఫ్ట్‌వేరు. ఎవడైనా ఊరికే తెచ్చుకుని పెట్టుకునేది. రేపు చెడితే ఎవరికి ఫోను చేస్తారు? అది తీసేసి మాది పెట్టించుకోండి' అన్నది వాళ్ళ మాట. ఈ టీ పూర్తయ్యేలోగా పెద్దాయన ఔనో కాదో తేల్చుకోవాలి. ఔనన్నాడంటే, ఇన్నాళ్ళూ ఆ లినక్స్ కంప్యూటరును చూసుకున్న బగ్యెండా మళ్ళీ పాల డబ్బాలు కడుక్కోవలసిందే.

"బిహోగో అంటే మీ ముదురెర్ర ఆవేగా?" అన్నాడు పాల ట్యాంకరు తోలే మునానుర.

"కంప్యూటరు పేరు తమ్ముడూ! పెట్టిన రోజునే 'నాకో పేరు పెట్టు' అనడిగింది. మంచి పాలిచ్చే ఆవు పేరైతే కలిసొస్తుందని అదే పెట్టా. సరే, ఆ పొద్దున రైతులంతా డబ్బాలతో వరసలో నిలబడ్డారు, బిహోగో కదల్దు. లెక్క రాసుకోదు, ట్యాంకు మూత తెరవనివ్వదు. ఎండ ఎక్కుతోంది, పాలు విరిగేలా ఉన్నాయి. అప్పుడేం చేశానో తెలుసా? ఈ కంప్యూటర్లు వాడేవాళ్ళంతా ఒకరి కష్టం ఒకరికి చెప్పుకునే గుంపు ఇంటర్నెట్లో ఉందిగా, అందులో రాశా. 'మా బిహోగో పొద్దుట్నించి లేవట్లేదు, కడుపు నిండిపోయిందంటోంది, ఏం పెట్టినా మింగట్లేదు' అని. అలా రాశానో లేదో, బ్రెజిల్ నుంచి ఒకాయన జవాబు! ఆయనకూ ఆవులున్నాయట. 'వేరుశనగ నూనె తాగించు, ఎడం పక్క గట్టిగా రుద్దు' అన్నాడు."

కొట్టంతా ఘొల్లుమంది.

"నూనె పోశావా ఏంటి కొంపదీసి?" అంది కెంబబాజీ.

"పొయ్యలేదక్కా. రుద్దాను మాత్రం. రుద్దితే ఒక్క త్రేన్పు త్రేన్చిందీ, రోడ్డు మీద పోయే బస్సు అద్దాలు ఊడి పడ్డాయి! ఈలోగా గుంపులో కబురు పాకిపోయింది. నార్వేలో ఒకడు తన పెళ్ళి మధ్యలో లేచొచ్చి జవాబు రాశాడు. జపాన్‌లో ఒకావిడ పొయ్యి మీద అన్నం మాడుతున్నా లేవలేదు. రాత్రిగా ఉన్న దేశాలన్నిట్లో బిహోగో కోసం దీపాలు వెలిగితే, తెల్లారిందనుకుని కోళ్ళు కూశాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాళ్ళలో ఒకాయన, 'మమ్మల్నెందుకయ్యా అడగడం, దాన్నే అడుగు. మ్యాన్ అని కొట్టి, పక్కన నీకు తెలియని ఆజ్ఞ కొట్టు' అన్నాడు. కొట్టా. మ్యాన్ అంటే ఇంగ్లీషులో మనిషేగా? మనిషే వచ్చాడు! తెరలోంచి ముందు గెడ్డం వచ్చింది, దాని వెనక మిగతా మనిషి వచ్చాడు."

"ఏ భాష మాట్లాడాడేం?" అన్నాడు మునానుర.

"మన రున్యాంకోలె! అదీ మా అమ్మ పుట్టింటి యాసలో."

"ఓహో, ఆ రోజు నువ్వు రెండు టీలు ఎందుకు తెప్పించావో ఇప్పుడు తెలిసింది," అంది కెంబబాజీ.

"మరి అతిథికి పొయ్యొద్దూ? టీ తాగి ఇద్దరం బిహోగో కడుపులోకి దిగాం. లోపల కొండలక్కా, కొండలు! 'ఇప్పుడు మూత తీశారు, ఇప్పుడు మూత వేశారు' అని అది తనలో తాను రాసుకున్న గొణుగుడంతా ఏళ్ళ తరబడి పేరుకుపోయి ఉంది." బగ్యెండా కర్ర పైకెత్తాడు, గొంతు కూడా పైకి లేచింది. "నేను బగ్యెండాని! కొండల్ని మందలా అదిలించినవాణ్ణి! ఈ కర్రతోనే తోలుకుపోయి విక్టోరియా సరస్సులో దింపితే, నీళ్ళు పొంగి అవతల టాంజానియా వాళ్ళ పడకలు తడిశాయి! బిహోగో లేచింది! ఒక్క చుక్క పాలు విరగలేదు! చెప్పండి, ఇలాంటి పని ఈ దేశంలో ఇంకొకడు చెయ్యగలడా?"

ర్వాబుషైజా కప్పు కింద పెట్టాడు.

"చెయ్యలేడు. అదే నా భయం. నీకు జ్వరమొస్తే? నువ్వు అత్తారింటికి పోతే? ఇంత మొనగాడు ఉంటే తప్ప లేవని యంత్రం రైతులకెందుకు నాయనా? కంపాలా వాళ్ళకి ఔననే చెప్పేస్తా."

ఆయన లేవబోయాడు. బగ్యెండా కర్ర దిగిపోయింది.

"ఆగండి పెద్దాయనా. ఎవడైనా చెయ్యొచ్చు."

"ఎవడైనానా?"

"ఎందుకు ఆగిందో అదే తెర మీద రాస్తుంది. కంగారుపడకుండా చివరిదాకా చదవాలి, అంతే. 'చోటు లేదు' అంది. పాత గొణుగుడు తీసేశా, లేచింది."

"మరి గెడ్డమాయన?"

"గెడ్డం లేదు, ఆయనా లేడు. ఏ ఆజ్ఞ ఎందుకో, ఎలా వాడాలో వివరంగా రాసి లోపలే పెట్టారు. మ్యాన్ అంటే అది తెరుచుకుంటుంది."

"నార్వే పెళ్ళికొడుకు?"

బగ్యెండా తల గోక్కున్నాడు. "నాకొచ్చిన కష్టమే ఇంతకు ముందు ఎవరికో వచ్చింది. వాళ్ళడిగిన ప్రశ్నా, దానికి జవాబూ ఆ గుంపులో అప్పటికే ఉన్నాయి. నేను కొత్తగా అడిగినదానికి వచ్చింది ఆ వేరుశనగ నూనె ఒక్కటే."

"మునానుర చెయ్యగలడా?"

"వాడు కూడా చెయ్యగలడు."

"వాడు కూడానా!" అన్నాడు మునానుర, మెచ్చుకున్నాడో తిట్టాడో తేల్చుకోలేక.

"అయితే నువ్వు చేసిందేమీ లేదన్నమాట," అన్నాడు ర్వాబుషైజా.

బగ్యెండా రోడ్డు అవతల పాల కేంద్రం వైపు చూశాడు, చేతిలో కర్ర వైపు చూశాడు.

"ఏమీ లేదు పెద్దాయనా."

"ఆ మాట ముందే అనుంటే నా టీ చల్లారేది కాదు." మిగిలింది ఒక్క గుక్కలో తాగేసి పెద్దాయన లేచాడు. "చదివితే దారి చెప్పే యంత్రానికి యజమాని లేకపోతే ఏం? ఉండనీ. వాళ్ళకి కాదని చెప్పొస్తా. నువ్వు మునానురకీ, తూకం దగ్గరవాళ్ళకీ నేర్పు. ముందు నాకు నేర్పు."

ఆయన రోడ్డు దాటాక, బగ్యెండా చేతిలో కర్ర మెల్లగా మళ్ళీ పైకి లేచింది.

"చూశారా! ఏమీ చెయ్యకుండానే ఒక కంపెనీని నిలబెట్టినవాడు మొత్తం అంకోలే సీమలో నేను కాక ఇంకొకడున్నాడా?"

"నువ్వు ఏమీ చెయ్యవన్నదానికి మాత్రం," అంది కెంబబాజీ కప్పులు తీస్తూ, "ఎక్కడికి రమ్మంటే అక్కడికొచ్చి సాక్ష్యం చెప్తా."