నోటితో చెప్పవలెను

ఆగండి అల్లుడుగారూ, ముందు నన్ను పూర్తి చెయ్యనివ్వండి. మీరు రిజిస్ట్రారు అయ్యారు, సంతోషం. మీ అభినందన సభలో నేను నాలుగు మాటలు చెప్పాలని మా అమ్మాయి చేత అడిగించారు, అదీ సంతోషమే. కానీ ఏం చెప్పమంటారు? ఆ వసపిట్ట సంగతి చెప్పనా?

అదిగో, చూపు కిటికీ వైపు తిప్పేశారు. కూర్చోండి. టీ చల్లారితే చల్లారనివ్వండి.

అసలు ఆ సంగతి నా చెవిన ఎలా పడిందో మీకు ఇంతవరకూ చెప్పలేదు. మీ ఆఫీసులో ఎవరో నాకు ఊదారనుకుంటున్నారు కదూ? పాపం, వాళ్లకంత ధైర్యం ఎక్కడిది! నిరుడు కంటి డాక్టరు దగ్గరకు వెళ్లాను. చుక్కల మందు వేసి, చూపు మసకబారేదాకా బెంచీ మీద కూర్చోమన్నారు. పక్కనున్న ఇద్దరిదీ అదే అవస్థ. ఎవరికీ ఎవరం కనబడం. అందులో పెద్దాయన గొంతు మాత్రం ఖంగుమంటోంది. "ఏమోయ్, నా సర్వీసులో మొదటిసారి, గైర్హాజరైన మనిషితో గంటసేపు వాదించి ఓడిపోయాను" అన్నాడు. రెండో ఆయన పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. అదేమిటో కాస్త విడమరిచి చెప్పండి అని అడిగాను కూడా!

ఆయన మీ విశ్వవిద్యాలయానికి భూగర్భశాస్త్రం వైవా చెయ్యడానికి వచ్చిన పరీక్షకుడు. ఆ క్లాసులో ఒక అమ్మాయి. నోరు మూతపడేది కాదని తోటి పిల్లలు వసపిట్ట అని పిలిచేవారట. సరిగ్గా పరీక్షల ముందు గొంతుకు ఆపరేషన్ అయింది. కొన్నాళ్లు గుసగుసగా కూడా మాట్లాడవద్దని డాక్టరు రాసిచ్చాడు. ఆ పిల్ల సుద్దముక్క పుచ్చుకొని బోర్డు దగ్గర నిలబడింది. ఈయన అడగడం, ఆమె రాయడం. రాతి పొరలు గీసింది, ఏ పొర ఎందుకు విరిగిందో రాసింది. ఒకచోట ఈయన గట్టిగా నిలదీస్తే, బోర్డంతా తుడిచి, పెద్దపెద్ద అక్షరాలతో "సార్, తప్పు నా జవాబులో లేదు, మీ ప్రశ్నలో ఉంది" అని రాసిందట! ఈయన లేచి దగ్గరికి వెళ్లి చూసుకుంటే నిజమే. మురిసిపోయి, క్లాసు మొత్తం మీద ఎక్కువ మార్కులు వేసి వెళ్లాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఆ పూజారి ఎవరో అప్పటికి నాకు తెలియదు.

"మార్కులు కొట్టేశారండీ! 'ప్రశ్నలకు నోటితో సమాధానము చెప్పవలెను, చెప్పనిచో గైర్హాజరుగా భావించబడును' అని నిబంధన ఉందట. కాబట్టి ఆ అమ్మాయి అసలు రానట్టే. ఆ పరీక్షల అధికారి ఎవరోగానీ, మహానుభావుడు!" అన్నాడు పెద్దాయన.

ఆ మహానుభావుడు నా అల్లుడని ఏ మొహం పెట్టుకొని చెప్పను? మందు పుణ్యమా అని కళ్లల్లోంచి నీళ్లు కారినా ఎవరూ ఏమీ అనుకోలేదు.

ఏమిటీ? నిబంధన మీరు రాయలేదు, అమలు చేశారు, అంతేనా? నిరుడు నేనొచ్చి అడిగినప్పుడూ ఇదే మాట అన్నారు. ఆ నిబంధన ఎందుకు పుట్టిందో నాకు తెలియదనుకున్నారా? సంతకం పెట్టి లోపలికొచ్చి, బెల్లం కొట్టిన రాయిలా కూర్చునే మొండిఘటాల కోసం పుట్టింది. సమాధానం ఉండి గొంతు లేని పిల్ల కోసం కాదు. పాముకని తెచ్చిన కర్రతో ఇంట్లో పిల్లను బాదారు మీరు.

అదే రోజు, అదే గదిలో, మీ విశ్వవిద్యాలయానికి భవనాలు కట్టే కాంట్రాక్టరుగారి సుపుత్రుడు అడిగిన ప్రతి ప్రశ్నకూ "తెలియదండీ" అన్నాడట. గట్టిగా, స్పష్టంగా, నోటితో! వాడు హాజరు. మీరు పైనుంచి కలిపే గ్రేస్ మార్కులు కలిసి పాసు కూడా అయ్యాడు. నోరున్నవాడిదే రాజ్యమని వినడమేగానీ, దాన్ని అచ్చువేసిన నిబంధనల్లో చూడటం నాకదే మొదలు!

మీరూ ఇప్పుడు నోరు విప్పడం లేదు. గైర్హాజరు వేసుకోమంటారా?

నవ్వకండి. నాకు ఒళ్లు మండుతోంది.

ఆ పిల్లకు గనుల సర్వేలో ఉద్యోగం చేతిదాకా వచ్చింది. నెలాఖరులోగా డిగ్రీ చూపించాలి, అంతే. వాళ్ల నాన్న, బస్సు డ్రైవరు, డ్యూటీ దిగి ఆ ఖాకీ బట్టలతోనే మీ గది ముందు నిలబడ్డాడు. మీరేమన్నారు? అభ్యర్థి స్వయంగా వచ్చి చెప్పుకోవాలన్నారు. గొంతు లేదని కదా ఆయన మొత్తుకున్నది! ఏం మనిషివయ్యా నువ్వు?

క్షమించండి. పెళ్లినాటి నుంచి మిమ్మల్ని ఏకవచనంలో పిలిచి ఎరగను. నోరు జారింది.

నేనొచ్చి అడిగితే కాదనలేక కమిటీ వేశారు. పెద్దలందరూ కూర్చొని బిస్కెట్లు తిని, నిఘంటువు తెప్పించుకొని, 'నోటితో' అంటే ఏమిటని చర్చించారు. నెలాఖరు దాటాక తేల్చారు: నిబంధన మారుస్తాం, వచ్చే ఏటి నుంచి. జరిగిపోయినదానికి వర్తించదు.

చివరికి ఎవరెవరు ఏమయ్యారో మీకు తీరిక ఉండి ఉండదు, నేను కనుక్కున్నాను. కంటి డాక్టరు దగ్గర కలిసిన ఆ పెద్దాయన పేరు మీ పరీక్షకుల జాబితాలోంచి ఎగిరిపోయింది. కాంట్రాక్టరుగారి అబ్బాయి తండ్రితో కలిసి మీ కొత్త పరీక్షల భవనం కడుతున్నాడు. ఆ పిల్ల ఈ ఏడు బొంగురు గొంతుతో మళ్లీ వచ్చి, అన్నిటికీ నోటితోనే చెప్పింది. ఉచ్చారణ స్పష్టంగా లేదని మార్కులు కోశారు. సర్వే ఉద్యోగం ఎప్పుడో పోయింది. గ్రానైటు పలకలు అమ్మే దుకాణంలో కొలతలు చూస్తోంది. ఇక మీరు. నిబంధన మార్చిన ఘనత మీ ఖాతాలో పడింది. ఆహ్వానపత్రికలో మీ పేరు ముందు 'పరీక్షా సంస్కర్త' అని వేశారు. చదివాను.

గుమ్మంలో మా అమ్మాయి నిలబడి కళ్లతోనే బతిమాలుతోంది. సరే, వస్తాను. మాట్లాడతాను. "మా అల్లుడుగారు నిబంధనలో ఒక్క అక్షరం కూడా జవదాటని మనిషి" అంటాను. సభంతా చప్పట్లు కొడుతుంది, మీరు లేచి తల వంచండి. అది తిట్టు అని అక్కడ ఎవరికీ తెలియదు. మీకైనా తెలుస్తుందన్న నమ్మకం నాకు లేదు.