అప్పన్న కోడెకి గంగులు పట్టిన పట్టు

సింహాద్రి అప్పన్న దయ ఎప్పుడు ఎవరి రూపంలో వస్తుందో మనకేం తెలుసు గానీ, అరవై ఎనిమిదో సంవత్సరంలో కోటబొమ్మాళికి మాత్రం పశువుల డాక్టరుగారి రూపంలో, సైకిలెక్కి వచ్చింది. స్టేషను రోడ్డులో దాలమ్మ టీకొట్టు ముందు బెంచీ మీద కూర్చుని గంగులు చెబుతున్నది ఆ సంగతే. వినేవాళ్ళు బండి తోలే లక్ష్ముడు, రైల్వేలో పనిచేసి దిగిపోయిన జగన్నాధం తాత. చేతుల్లో గ్లాసులు చల్లారిపోతున్నాయి.

గంగులు కూతురు అమ్మడికి జ్వరం ముదిరి కళ్ళు తేలేసిన ఏడు, బిడ్డ బతికితే కోడెదూడని స్వామికి వదులుతానని మొక్కుకున్నాడు. బిడ్డ బతికింది. దూడ ఊరిమీద పడి పెరిగింది. దేవుడి కోడెకి పలుపు వెయ్యకూడదు, దానిమీద కర్ర ఎత్తకూడదు. అది వరిమళ్ళు తొక్కింది, ఇద్దరిని కుమ్మింది, కాలికి పుండు పట్టి మరీ తిక్కదైంది. ఇక సంతకి తోలేద్దామన్నారు ఊరివాళ్ళు. సంతకి తోలితే కోతకే.

"అప్పుడు డాక్టరుబాబు ఏటన్నాడో తెల్సా?" అన్నాడు గంగులు. "'పైసా వొద్దు గంగులూ. పుండుకి మందేస్తాను, విత్తులు నొక్కీస్తాను. కొయ్యను, రక్తం సుక్క రాదు. కోడె నెమ్మదైపోతాది. తీసుకొచ్చీ పూచీ మాత్రం నీది' అన్నాడు. ఊళ్ళో ఒక్కడు ముందుకొస్తే ఒట్టు! నానే ఎల్లినాను. పెద్దగా ఏటీ సెయ్యనేదు. కొమ్మట్టుకున్నాను, అంతే."

"రెండు కొమ్ములూనా బావా?" అన్నాడు లక్ష్ముడు.

"ఒకటేరా. రెండో సేత్తో సుట్ట ఎలిగించుకోవాల గదా! అది నన్ను ఈడ్సింది. ఈడ్సి, ఈడ్సి, బొబ్బిలి దాకా ఈడ్సింది. దారిలో నా కాళ్ళకి తగిలి రెండు తాడిసెట్లు ఏళ్ళతో లేసొచ్చీసినాయి. బొబ్బిల్లో ఇది ఓ రంకేసింది సూడు, వీణలు సేసీవోళ్ళ ఇళ్ళల్లో తీగెలన్నీ వాటంతటవే మోగినాయి!"

"ఏ రాగంరా?"

"రాగం సూసీ తీరికేదీ తాతా! అక్కడ తిరగబడి ఒక్క దూకు, వంశధార ఇవతల పడ్డాం. పడ్డం పడ్డం రైలు పట్టాల మీద. ఎదురుగా మెయిలు! ఆ తర్వాత ఏటయ్యిందో తెల్సా? ఓ కాలితో కోడెని తొక్కిపెట్టినాను, ఓ కాలు ఇంజనుకి అడ్డం పెట్టినాను. ఆగిపోయింది!"

జగన్నాధం తాత మీసం దువ్వాడు. "ఒరే, ముప్పై ఏళ్ళు ఈ లైన్లో జెండా ఊపినాను. నా జెండాకే మెయిలు ఆగీది కాదు."

"నీది జెండా తాతా. నాది కాలు!"

లక్ష్ముడికి టీ పొలమారింది. గంగులు ఆగలేదు. "డ్రైవరు దిగొచ్చి దండం పెట్టినాడు. నాను కోడెని బుజానేసుకుని, ఇలా సంటిదాన్ని ఎత్తుకున్నట్టు..."

"ఒరే గంగులూ!" దాలమ్మ గరిటె కింద పెట్టింది. "బొబ్బిలి ఎప్పుడెల్లినావురా? పశువుల ఆస్పత్రి సావిడి నా కొట్టు ఎనకాలే గదా. ఆ పూట నానక్కడే ఉన్నాను. నువ్వు కొమ్మట్టుకోనేదు, కోడె దూకనేదు. దోసిట్లో బెల్లం పెట్టుకుని, 'నాయనా, నా గుంట అమ్మడిని నాకిచ్చినావు. నిన్ను కోతకి పంపలేను. ఈ ఒక్క నొప్పీ ఓర్సుకో' అని బతిమాలి నడిపించుకొచ్చినావు. పలుపే ఎయ్యనేదు. డాక్టరుబాబు పటకారు నొక్కినంత సేపూ దాని మెడ కావిలించుకుని ఎక్కెక్కి ఏడిసినావు. అది కాలు కదపనేదు. డాక్టరుబాబే నీ ముక్కు తుడిసినాడు."

రోడ్డు పక్క నీడలో కోడె పడుకుని నెమరేస్తోంది. కాలి పుండు మాని మచ్చ మిగిలింది. అమ్మడు దాని వీపుకి చేరగిలబడి జీళ్ళు తింటోంది.

గంగులు లేచి, సింహాచలం ఉన్న దిక్కుకి ఒక దండం, ఆస్పత్రి సావిడికి ఒక దండం పెట్టాడు. "ఆ బాబు పిల్లాపాపల్తో సల్లగుండాల" అన్నాడు.

"అయితే ఏడిసినావన్నమాట" అన్నాడు లక్ష్ముడు మెల్లిగా.

"ఏడిసినాన్రా. దాపరికమేటి?" గంగులు కండువాతో ముఖం తుడుచుకుని, మళ్ళీ బెంచీ మీద సర్దుకుని కూర్చున్నాడు. "అయితే ఎంత ఏడిసినానో తెల్సా? ఆ పూట ఊళ్ళో నూతులన్నీ బారెడు పైకొచ్చీసినాయి!"