వెర్లిన్ ఎంచిన క్వార్టర్‌బ్యాక్

కాల్డర్‌టన్ హైస్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు ఆ ఏడు, బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాకులు ఇద్దరు తయారయ్యారు. ఒకడు బంతి విసిరితే ఫిరంగి పేలినట్టే. ఇంకొకడి విసురు అంతంతమాత్రం గానీ, వాడు నోరు విప్పితే జట్టంతా వింటుంది. శనివారం ప్రాక్టీసు ఆట అయ్యేసరికి ఒకణ్ణి ఖాయం చెయ్యాలి. ఎటూ తేల్చుకోలేక కోచ్ పెట్రాకిస్, పక్కన కూచుని చూసిపెట్టే పెద్దమనిషి కోసం వెతుకుతున్నాడని ఊరంతా గుప్పుమంది.

ఆ పెద్దమనిషి తానే కావాలని వెర్లిన్ స్ట్రంక్ ప్రాణం కొట్టుకుపోతోంది. ఒకప్పుడు, ఊరంతా ప్రాణం పెట్టే ఈరీ హ్యామర్స్ జట్టుకు కాలేజీ కుర్రాళ్ళను వెతికిపెట్టే ఉద్యోగం వెలగబెట్టాడు మరి. రిటైరయ్యాక అతని సలహా అడిగిన పాపాన ఒక్కడూ పోలేదు. అందుకే, లోర్నా తన సెలూన్లో కోచ్ గడ్డానికి నురగ పూసి కదలకుండా కూచోబెట్టిన అదను చూసి లోపలికి దూరాడు. కిటికీ దగ్గర అతని పాత నేస్తం మైలో పేపరు చదువుతున్నాడు.

"చేతి బలం చూసి క్వార్టర్‌బ్యాక్‌ని ఎంచేవాడు, దంతాలు చూసి పిల్లనిచ్చేవాడు ఒకటే కోచ్," అని అందుకున్నాడు వెర్లిన్. "మనిషిని చూడాలి. నెబ్రాస్కాలో డ్యూయీ లాత్రప్ అని ఒక కుర్రాడు. బక్కపలచన. మా వాళ్ళంతా టెక్సస్‌వాడెవడో కావాలని ఒకటే గోల. నేను మాత్రం వీడి కాలేజీ క్యాంటీన్‌లో ఒక మూల కూచున్నా. వాడేం చేశాడో తెలుసా? ముందు తన జట్టులోని లావుపాటి కుర్రాళ్ళందరికీ పళ్ళేలు అందించి, చివర్న మిగిలిన మీట్‌లోఫ్ ముక్క తాను తిన్నాడు. అప్పుడే అనుకున్నా, వీడు నాయకుడని."

"బావుంది," అన్నాడు కోచ్ నురగలోంచి.

ఆ ఒక్క మాటకే వెర్లిన్ ఛాతీ ఉబ్బింది. ఊరుకుంటే సరిపోయేది. ఊరుకుంటే వెర్లిన్ ఎందుకవుతాడు?

"ఆ తర్వాత ఏమైందనుకున్నారు? మ్యాచ్ రోజు వాడు విసిరిన మూడు బంతులు వరసగా అవతలివాళ్ళ చేతుల్లో పడ్డాయి. ఇంకొకడైతే తోటివాళ్ళ మీద అరిచేవాడు. వీడు అందర్నీ దగ్గరికి పిలిచి, గుంపుగా వంగోబెట్టి, 'కంగారు పడకండ్రా, తప్పు నాది' అన్నాడు. అంతే! అంత చిన్నగా అన్న మాట అవతలి జట్టువాళ్ళకూ వినాలనిపించి, వాళ్ళూ వచ్చి వంగున్నారు."

"అవతలివాళ్ళా?" మైలో పేపరు దించాడు.

"పదకొండుమందీ! రిఫరీ కూడా టోపీ తీసి వంగున్నాడు. కాలు విరిగి స్ట్రెచర్ మీద పోతున్నవాడు, 'ఆగండాగండి, మావాడేదో చెబుతున్నాడు' అని దిగి నడిచొచ్చాడు."

"విరిగిన కాలితోనా బాబాయ్?" అంది లోర్నా, కత్తి పైకెత్తి పట్టుకుని.

"విరిగిందన్న సంగతి వాడు మర్చిపోయాడమ్మా, అదీ నాయకత్వమంటే! ఇంకా వినండి. పడమటి నుంచి సుడిగాలి లేచింది. నల్లగా, ఆకాశమంత. జనం కుర్చీల కింద దూరారు. డ్యూయీ ఒక్క చెయ్యెత్తి, 'నాలుగు నిమిషాల ఆట ఉంది, ఆగు' అన్నాడు. నా కళ్ళతో చూశా, మైలో. మైదానం గీత అవతల ఆగిపోయింది సుడిగాలి. ఈల ఊదేదాకా అక్కడే గిరగిరా తిరుగుతూ నిలబడి, ఆట అయ్యాక మర్యాదగా పక్క కౌంటీకి పోయింది."

నవ్వు ఆపుకోలేక కోచ్ భుజాలు కదులుతున్నాయి. అది మెచ్చుకోలే అనుకున్నాడు వెర్లిన్. ఆ క్షణాన అతనికి శనివారం మైదానం, తన కుర్చీ, పక్కన వినయంగా వంగిన కోచ్, అన్నీ కళ్ళకు కట్టాయి. గొంతు పెంచాడు.

"జట్లన్నీ వంతులవారీగా కాలేజీ కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్ రోజు, మా ఓనరు గదిలో ఇరవైమంది పెద్దలు. బల్ల మీద చరిచి, 'మొదటి వంతులోనే డ్యూయీని పిలుస్తారా, నన్ను పొమ్మంటారా' అన్నా. ఓనరు కళ్ళనీళ్ళు పెట్టుకుని నా చెయ్యి పట్టుకున్నాడు. 'నీ మాటే నా మాట వెర్లిన్' అని మొదటి వంతు నా చేతుల్లో పెట్టేశాడు."

"ఏ ఏడు అది?" అన్నాడు మైలో.

"మన వంతెన కొట్టుకుపోయిన ఏడు. అంత పెద్ద సంగతి మర్చిపోతానా!"

లోర్నా కత్తి తుడిచి కింద పెట్టింది.

"బాబాయ్, ఆ ఏడు హ్యామర్స్‌కి మొదటి వంతే లేదు. ముందటేడే ఇంకో జట్టుకి ఇచ్చేసి, బంతి తన్నడానికి మోకాలు పోయిన కిక్కర్‌ని తెచ్చుకున్నారు. ఆ వార్త విని మా నాన్న టీవీని వరండాలోంచి వీధిలోకి విసిరేశాడు."

"అప్పటికి పిల్లాణ్ణి, నేను మూడు రోజులు బడికి పోలేదు," అన్నాడు కోచ్.

"మా ఆవిడ చర్చిలో ఏడ్చింది," అన్నాడు మైలో. "ఊళ్ళో కుక్కకి కూడా తెలుసు కదరా ఆ సంగతి!"

వెర్లిన్ ముఖం కందగడ్డయింది. సుడిగాలిని నమ్మినా నమ్ముతారు గానీ, పోయిన మొదటి వంతును ఈ ఊళ్ళో ఎవరు మర్చిపోతారు? శనివారం చేజారిపోయిందనుకుని టోపీ అందుకుని లేచాడు.

కోచ్ నురగ తుడుచుకున్నాడు. "వెర్లిన్ గారూ, ఆ క్యాంటీన్ సంగతి మాత్రం నాకు నచ్చింది. శనివారం రండి. మావాళ్ళిద్దరూ అన్నం దగ్గర ఎలా ఉంటారో, ఓడినప్పుడు ఎలా ఉంటారో చూసిపెట్టండి. ఒకటే షరతు. రోజంతా ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకూడదు. చివర్లో పేరు చెబితే చాలు."

వెర్లిన్ మెడ మళ్ళీ నిటారైంది. "విన్నారా? నోరు విప్పకుండా క్వార్టర్‌బ్యాక్‌ని ఎంచాలట! ఇలాంటి పని అమెరికా మొత్తమ్మీద నన్ను తప్ప ఎవర్ని అడుగుతారు? మౌనంలో నన్ను మించినవాడు లేడు. ఒకసారి డెన్వర్‌లో నేను పట్టిన మౌనానికి..."

"అయితే బాబాయ్," అంది లోర్నా, కుర్చీ దులుపుతూ, "ఇప్పట్నుంచే మొదలుపెట్టు."