మామగారు తోమిన బిళ్ళలు

ఏవే, ఆ వెండి బిళ్ళని చున్నీతో అలా రుద్దుతావేంటి? ఆపు తల్లీ, ఆపు. నల్లగా ఉంటే దానికి లేని బాధ నీకెందుకు? ఇలా కూర్చో. మా మామగారుంటే ఈపాటికి నీ చేతిలోంచి లాక్కునేవారు. లాక్కోవడమంటే లాక్కోవడం కాదులే, ఆయన ఎవరి చేతిలోంచీ ఏదీ లాక్కోలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకునేవారు, అంతే. అదే ఆయన కోపం. మీ తాతకి నాన్న, మీ నాన్నకి తాత. మీ నాన్నకి రెండేళ్ళప్పుడే పోయారు, వాడికేం గుర్తుంటుంది, నీకు చెప్పడానికి.

పాత వెండి నాణేలకి వెల కట్టడం ఆయన పని. అదీ ఒక పనేనా అనకు, కాపురానికొచ్చిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. వీధి గదిలో కిటికీ పక్కన బల్ల, బల్ల మీద భూతద్దం, చిన్న తక్కెడ, అంతే సరంజామా. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి మూటలు విప్పేవారు. ఆయన నాణేన్ని అంచులు పట్టుకునే ఎత్తేవారు, బొమ్మ మీద వేలు పడనిచ్చేవారు కాదు. కిటికీ వైపు పట్టుకుని ఇలా, ఇదిగో ఇలా వంచేవారు. తోమనిదైతే వెలుగు దాని మీద గుండ్రంగా తిరుగుతుందట, తోమినదైతే చచ్చినట్టు ఒక్కచోటే పడుంటుందట. భూతద్దం పెడితే సన్నటి గీతలు, అన్నీ ఒకే వైపు. 'దీనికి స్నానం చేయించారు బాబూ' అనేవారు. కొందరు కన్నం పొడిచి గొలుసులో వేసుకుని, మళ్ళీ ఆ కన్నం పూడ్పించి తెచ్చేవాళ్ళు. 'ముక్కు కుట్టించి పుడక తీసేశారు' అనేవారు. అని నవ్వేవారు కాదు, అదీ చిత్రం. తెచ్చినవాడు లబోదిబోమన్నా సరే, సొంత బావమరిదైనా సరే, ఒక్క పైసా ఎక్కువ చెప్పేవారు కాదు. నలుపు పోతే వెల పదో వంతుకి పడిపోతుంది మరి. అందుకే ఊళ్ళో ఆయన్ని నలుపాయన అనేవాళ్ళు. మనిషేమో దబ్బపండు ఛాయ. ఈ ఊరివాళ్ళకి కళ్ళు లేవా అనుకునేదాన్ని. ఇదంతా నాకు తర్వాత తెలిసింది సుమా. ఇంట్లో ఆయన పని మాటే ఎత్తేవారు కాదు, అడగడానికి నేనా, నెల తిరగని కోడల్ని.

ఆ నెలలోనే జరిగింది. ఆయనకంటూ సొంతంగా ఇరవై ఒక్క బిళ్ళలుండేవి, ముప్పై ఏళ్ళు ఏరి ఏరి దాచుకున్నవి. అవి అమ్మేసి మేడ మీద రెండు గదులు వేయిద్దామని. ఎవరికనుకున్నావ్, నాకూ మీ తాతకీ. హాల్లో తెర కట్టుకుని పడుకునేవాళ్ళం అప్పుడు, తెర అవతల మా అత్తగారి దగ్గు. సరే, పొరుగూరి నుంచి కొనేవాడు వస్తున్నాడని బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, బిళ్ళలన్నీ వరసగా పెట్టి, ఆయన బస్సుకి ఎదురెళ్ళారు. అత్తగారు నిద్రలో ఉంది. నేను తొంగి చూద్దును కదా, అమ్మో, ఎంత మురికో! పరాయివాడి ముందు ఇవి పెడితే, ఈ ఇంట్లో ఆడవాళ్ళు లేరా అనుకోడూ? కొంగు బిగించాను. పొయ్యి బూడిద, నిమ్మచెక్క, అవీ చాలకపోతే పళ్ళపొడి. ఇరవై ఒకటీ తోమాను. వేళ్ళు భగభగమండిపోయాయనుకో. తుడిచి ఎక్కడివక్కడ పెట్టేశాను. నా గదులు నేనే కట్టేసుకున్నంత సంబరం.

ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు. బల్ల చూశారు, తర్వాత నా చేతులు చూశారు. గోళ్ళలో మసి ఇంకా పోలేదు. వెనకాలే వచ్చినాయన ఒక బిళ్ళ ఎత్తి, కిటికీ వైపు తిప్పి, 'ఇదేంటండీ, ఎవరు తోమారు వీటిని?' అన్నాడు. నేను మంచినీళ్ళ గ్లాసులతో తలుపు దగ్గరే ఉన్నాను, మొహం చేటంత చేసుకుని. మామగారు 'నేనే తోమాను' అన్నారు. 'మీరా?' 'నేనే.' ఆ వచ్చినాయన ఎంతసేపు చూశాడో ఆయన వంక. మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయాడు. అత్తగారు లేచి బేరం ఏమైందంటే, 'కుదరలేదు' అని ఊరుకున్నారు. ఆవిడకి నిజం తెలిసుంటేనా! పెద్ద కోడలు జాడీ పగలగొట్టిందని ఎనిమిదేళ్ళు వినిపించిన మనిషి.

మరి నాకేం అర్థమైందనుకున్నావ్? నేను చేసిన పనికి పేరంతా ఆయన కొట్టేశారని! నవ్వు, నవ్వు. వారం రోజులు లోపల్లోపల ఉడికిపోయి, ఒకరోజు కాఫీ ఇస్తూ అడిగేశాను. 'మామగారూ, చేతులరిగేలా తోమింది నేనండీ. మీరేమో నేనే తోమానని చెప్పుకున్నారు. ఇదేం న్యాయం?' అన్నాను. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. 'తప్పేనమ్మా' అన్నారు. 'ఒక్క మచ్చ కూడా మిగల్చలేదు' అన్నారు. మెచ్చుకున్నారని పొంగిపోయాను. 'పోనీలెండి' అని క్షమించేశాను కూడా. నేను! ఆయన్ని!

ఆ తర్వాత మూటలు రావడం తగ్గింది, ఆ పైన పూర్తిగా ఆగిపోయింది. తన బిళ్ళలే తోముకుని కొత్తవాటిలా అంటగట్టబోయిన మనిషి మనవాటికేం వెల కడతాడని ఊరంతా పాకిపోయిందట. ఆయన మాత్రం రోజూ తొమ్మిదింటికల్లా ఆ బల్ల ముందుకెళ్ళి కూర్చునేవారు. నేనేమో, పనీ పాడూ లేదు, ఆ గదైనా మాకిస్తే మంచం వేసుకుంటాం కదా అని మీ తాత దగ్గర సణిగేదాన్ని. మేడ గదులు వేయించలేదన్న ఉక్రోషం ఒకటి. అలా ఆరేళ్ళు గడిచాయి. పోయారు.

ఆయన పోయాక మీ తాతా నేనూ ఆ బిళ్ళలు వెండి కొట్టుకి పట్టుకెళ్ళాం. కొట్టాయన వాటిని చూడనైనా చూడకుండా తక్కెట్లో గుమ్మరించాడు. బరువుకే కొంటానన్నాడు. 'అదేంటండీ, ఇంత తళతళలాడుతుంటే?' అన్నాను. నేనే అన్నాను. అప్పుడు చెప్పాడు మొత్తం, తోమితే ఏమవుతుందో, ఎంత పోతుందో. 'మా అందరికీ నేర్పిన పెద్దమనిషమ్మా, చివరికి ఆయనే ఆశపడ్డాడు' అన్నాడు. మీ తాత తల దించుకున్నారు. 'అవునండీ, మా నాన్న అలా చేయకుండా ఉండాల్సింది' అన్నారు.

నేను పక్కనే ఉన్నాను. నోటిదాకా వచ్చింది. నేనే తోమానండీ అనడానికి ఎంతసేపు పడుతుంది, చెప్పు? అనలేదు. ఇంటికొచ్చాక మీ తాతకీ చెప్పలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే నలభై ఏళ్ళు కాపురం చేశాను. మీ తాత పోయేదాకా, తండ్రి మాట వస్తే చాలు మొహం తిప్పేసుకునేవారు. నేను చూస్తూనే ఉన్నాను.

ఏంటి? ఎందుకు చెప్పలేదంటావా? ఏమో, నాకూ తెలీదు. సరేగానీ, మీ నాన్న ఎన్నింటికొస్తానన్నాడు?