మిగిలిన కుడితి

బాన్సువాడ శివారులో వాన వెలిసిన పొద్దు. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు, సాయవ్వకు ఆ విద్య రాదు. లోపల బర్రె గురగురమంటుంటే, పొరుగింటి మోతీబాయిని రానీయకుండా కొట్టం తడికకు అడ్డంగా నిలబడింది.

“జరుగక్కా, పేడ తీస్త.”

“వద్దు మోతీ. నేనే తీసుకుంట. నువ్ ఇంటికి పో.”

“రోజూ నేనే తీస్తుంటి గద. ఏమైంది?”

“ఏం కాలే. పొమ్మన్న, గంతే.”

“లోపల గా గురకేంది?”

“మీ బావ. పండుకున్నడు.”

“బావ ఇప్పుడే బస్టాండ్ కాడ కనబడ్డడు. పలకరిస్తే బండి ఆపలే.”

“...నగేశ్ కోసం పోయిండు.”

“పశువుల దవాఖాన నగేశా? ఎందుకు?”

“ఊకె.”

“ఇన్నేండ్లు లేని అంటు ఇప్పుడొచ్చిందా అక్కా? తండాదాన్నని ఇయ్యాల యాదికొచ్చిందా?”

“నోరు కడుక్కో. అంటు నీకు కాదు, మా బర్రెకు. గొంతు ఉబ్బింది, సొంగ కారుస్తుంది. గురక రోగమే అంటుండు నగేశ్. ఊపిరితిత్తులకు పడ్తదట, సొంగతోని పక్క గొడ్లకు అంటుతదట. ఎవల్నీ రానియ్యొద్దని ఫోన్ల చెప్పిండు.”

“వానలకు ముందు టీకాలేసిండ్రు గద?”

“ఏపియ్యలే. పాలు తగ్గుతయని చెరుకు తోటల దాచిన. నీకెరికే.”

“ఎరికే. టీకా ఏస్తే చూడి బర్రె ఈసుకపోతదని నువ్ చెప్తే, నా బర్రెను గూడ గా చెరుకులనే కట్టేస్తి.”

“గందుకే రాకంటున్న. నా మాట ఇని నువ్ టీకా ఏపియ్యకపోతివి. నీకున్నది గదొక్కటే, నేడో రేపో ఈనుతది. పొద్దటి సంది నా పానం కొట్టుకుంటుంది మోతీ. బయటికి చెప్తే పాలకేంద్రంల మా పాలు పట్టుకోరని భయమైంది. దాన్నన్న బతకనీ.”

“ఎప్పటి సంది గిట్లుంది?”

“నిన్న పొద్దుగూకంగ. కుడితిల మూతి పెట్టింది, సొంగ కార్చింది, తాగకుండనే తల తీసింది.”

“గీ తడిక బయటి గోలెంల కుడితేనా?”

“ఆ. అండ్ల సొంగ పడ్డది, దూరం పారబోయిమని పొద్దుగాల ఫోన్ల అన్నడు నగేశ్. పోయి చూస్తే గోలెం ఖాళీ. మీ బావ పారబోసినట్టుండు.”

మోతీబాయి గోలెం పక్కన కూర్చుండిపోయింది.

“ఏందే, గట్ల కూసున్నవ్?”

“బావ కాదక్కా. కుడితంటే లచ్చిమి, పారబోయొద్దని నువ్వే అంటవు, మిగిలిన కుడితి ఎప్పుడూ మా దానికే గద. పొద్దుగాల నువ్ లేవకముందే బకెట్ల ముంచుకపోయి తాపిన.”