బడిపిల్లలు గీసిన అడవి పటం

అసలు ఈ బళ్ళకి గోడలెందుకు కట్టించారంటావు వదినా? వారానికో రోజు పిల్లల్ని అడవిలోనే కూర్చోబెట్టి లెక్కలూ పాఠాలూ అన్నీ అక్కడే చెబుతారు. సరే, చెప్పుకోనీ. మధ్యలో డెబ్బై రెండేళ్ళ నన్నెందుకు లాగడం?

ఊఁ, తెలుసు. వెళ్ళమన్నది నువ్వే. "తూరిడ్, నీకు తెలిసిన అడవి నీతోపాటే పోకూడదు, పసివాళ్ళకి చెప్పు" అన్నావు. ఇదే వంటింట్లో, ఇదే కుర్చీలో కూర్చుని అన్నావు. వాఫుల్ తీసుకో, వేడిగా ఉన్నాయి. అలా అనుమానంగా చూస్తావేం? ఆడపడుచుకి ఊరికే వాఫుల్స్ తేకూడదా?

సరే, ఊరికే కాదు.

రేపు బడిలో కాఫీకి ఊరంతా వస్తుంది కదా. పిల్లలు గీసిన అడవి పటం గోడకి పెడతారు. ఎవరు ఎక్కడ ఏం చూశారో అన్నీ అందులో ఉన్నాయి. ఒకటి మాత్రం నువ్వు గోడ మీద చూసేకంటే ముందు నా నోటితో వినడం మేలని వచ్చాను. పుట్టగొడుగుల సంగతి.

అదిగో, కప్పు కింద పెట్టేశావు!

మన ఊళ్ళో ఎవరైనా ఇంటి తాళాలు చేతికిస్తారు గానీ, కంతరెల్ పుట్టగొడుగులు మొలిచే చోటు చెబుతారా? మీ తమ్ముడు, ఆ మహానుభావుడు, పెళ్ళయిన ఏడేళ్ళకి గానీ నాకే చూపించలేదు. చూపించిన రోజున "మా అక్కకి మాత్రం చెప్పకు" అని ఒట్టు వేయించుకున్నాడు. అవును, హెర్డిస్ అని పేరు పెట్టి మరీ! చిన్నప్పుడు ఆయన మంచు మీద జారే స్కీలు విరగ్గొట్టి, నేను కాదన్నావటగా? మా ఆయన అయినార్ పోయినా ఆ పంతం పోలేదు. నేను మోస్తున్నాను. ఏటా క్రిస్మస్‌కి ఎండబెట్టినవి ఒక సీసాడు నీ చేతిలో పెట్టి నోరు మూసుకున్నాను. నువ్వేమో ఆ నొప్పి మోకాళ్ళేసుకుని కొండంతా గాలిస్తూనే ఉన్నావు.

అందుకే పిల్లల్ని మూడు మంగళవారాలు ఊరికి అటు కొసన తిప్పాను. చీమలపుట్టలు చూపించాను. దుప్పి పెంటికలు చూపించాను. పెంటికలంటే వాళ్ళకి ఎంత సంబరమో, జేబులో వేసుకుని ఇంటికి కూడా పట్టుకెళ్ళారు!

నాలుగో వారం వాగు పొంగింది. విల్దె టీచరమ్మ, నేను వద్దు మొర్రో అంటున్నా వినకుండా, అందర్నీ ఇటు మళ్ళించింది.

ఇటు కాదు, అటు. ఏదో నోరు జారిందిలే.

నేను ఆయాసపడుతూ వెళ్ళేసరికి ఏడేళ్ళ పిల్ల, ఇడున్, చెట్టు కింద చతికిలబడి ఉంది. "తూరిడ్ మామ్మా, కంతరెల్! ఎన్ని ఉన్నాయో!"

నేనేమన్నానో తెలుసా? "ముట్టుకోకు తల్లీ, అవి దొంగ కంతరెల్, కడుపు పాడవుతుంది" అన్నాను. నేను! ఊరంతా ఏరుకొచ్చిన బుట్టలు తెచ్చి, ఇవి తినొచ్చా అని అడిగేది నన్నే కదా. పాతికేళ్ళుగా పుట్టగొడుగుల పరీక్షకురాలినని బ్యాడ్జీ పెట్టుకుని తిరుగుతున్నదాన్ని. పసిదాని మొహంలోకి చూస్తూ అబద్ధమాడాను.

ఆ పిల్ల ఏడవలేదు. ఒకటి పీకింది. నిలువునా చించింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. "లోపల తెల్లగా ఉంది మామ్మా. ఆప్రికాట్ పండు వాసన వస్తోంది. దొంగవైతే లోపల కూడా నారింజ రంగే అని మొదటి రోజు నువ్వే చెప్పావుగా" అంది. పద్దెనిమిది మంది పిల్లలూ వరసలో నిలబడి వాసన చూశారు. ఇంత బాగా పాఠం చెప్పమని నన్నెవరడిగారు చెప్పు?

టీచరమ్మ నవ్వు దాచుకోవడానికి చెట్టు మీద ఏదో పిట్టని వెతుక్కుంటోంది. నేను తడి నాచులో కూలబడి ఒప్పేసుకున్నాను. "నిజమైనవే. చోటు నాకొక్కదానికే ఉండాలని అబద్ధం చెప్పాను" అన్నాను. ఇడున్ నా భుజం తట్టి "పోనీలే మామ్మా, మా తమ్ముడు కూడా అంతే, బొమ్మలు దాచుకుంటాడు. వాడికి మూడేళ్ళు" అంది. సిగ్గుతో చచ్చాననుకో. నవ్వకు. కళ్ళనీళ్ళొచ్చాయి నాకు.

అందుకే వాళ్ళు పటం మీద ఆ చోట పసుపుపచ్చ రంగు పూస్తుంటే వద్దనలేకపోయాను. ఏ మొహం పెట్టుకుని వద్దంటాను?

ఎక్కడా? చెబుతాను, దానికేగా వచ్చింది. ముందు ఆ వాఫుల్ కోసే కత్తి ఇలా ఇవ్వు.

మంగళవారాలు నువ్వు పాటల బృందానికి పట్నం పోతావు కదా. నీ బస్సు మలుపు తిరిగేదాకా మా కిటికీలోంచి చూసేదాన్ని. నలభై ఏళ్ళుగా. తిరిగాక బుట్ట తీసుకుని...

నీ కట్టెల కొట్టం వెనకే వదినా. ఆ బిర్చ్ చెట్ల కింద. నూట పది అడుగులు, మెల్లగా నడిస్తే.

చెప్పేశాను. తిట్టుకో, ఒట్టు తప్పానని సమాధి దగ్గరికెళ్ళి మీ తమ్ముడికి కూడా చెప్పుకో. అయ్యో, బుట్ట ఎందుకు తీస్తున్నావు? ఇప్పుడు పరిగెత్తి లాభం లేదు, కూర్చో. అన్నీ అక్కడే వెన్నలో వేయించుకు తినేశారు పిల్లలు. నేనూ తిన్నాననుకో.